ఏడున్నర డిగ్రీల అబద్ధం

మే నెల, పొద్దున పదిన్నర. అబిడ్స్ చిరాగ్ అలీ లేన్‌లో ఓ పాత కాంప్లెక్సు మూడో అంతస్తు మాది. అప్పుడే గది తాళం తీసి ఫ్యాన్ వేసుకున్నాను. నాంపల్లి నుంచి గోడౌన్ అన్న ఫోన్.

“తమ్మీ, నీ యాప్‌ల అంతా పచ్చగనే చూపిస్తుంది గని, పన్నెండో ఫ్రిజ్‌ల చెయ్యి పెడితే సల్లగ లేదు. జర వచ్చి చూడు.”

యాప్ తెరిచి చూశాను. పన్నెండో ఫ్రిజ్: 7.5 డిగ్రీలు. పచ్చ రంగు. అందులో ఉన్నది ఇన్సులిన్. సీలు తీయని ఇన్సులిన్‌ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. “లైన్ దగ్గరగా ఉంది గానీ పర్లేదన్నా, లోపలే ఉంది” అన్నాను.

“అదేమో నాకు తెల్వదు. పదేండ్ల సంది ఈ ఫ్రిజ్‌లు తెరుస్తున్న. ఇది సల్లగ లేదు.”

వెళ్లాను. జీపీవో సర్కిల్ దాటి స్టేషన్ రోడ్డు పట్టుకుంటే కిలోమీటరు అటూ ఇటూ. ఆ ఎండలో ఆ కిలోమీటరు కూడా ఎక్కువే. గోడౌన్‌లో మామూలు థర్మామీటరు ఒకటి లోపల పెట్టి పావుగంట ఆగాం. 12 చూపించింది.

మా డబ్బా పాడవలేదు. సెన్సర్ పాడవలేదు. రేడియో, సర్వర్, యాప్ అన్నీ వాటి పని అవి చేస్తున్నాయి. అయినా 12 అనేది నాంపల్లి నుంచి అబిడ్స్ వచ్చేసరికి ఏడున్నర అయింది. ఎలా అయిందో అర్థం కావడానికి ఆ రోజంతా పట్టింది.

ముందు మేం చేసే పనేంటో చెప్పాలి. బీటెక్ అయ్యాక నేనూ, నా ఫ్రెండూ కలిసి మొదలుపెట్టాం. మందుల గోడౌన్ల ఫ్రిజ్‌లలో చల్లదనం కొలిచే చిన్న డబ్బాలు తయారు చేస్తాం. ఒక్కో డబ్బాలో ఒక ఏటీమెగా 328పీ చిప్పు, ఒక సెన్సర్, ఒక లోరా రేడియో, బ్యాటరీలు. చిప్పుకి పని చేసుకోవడానికి ఉన్న మెమరీ 2 కిలోబైట్లు. ప్రోగ్రాం దాచుకోవడానికి ఇంకో 32. యూటీఎఫ్-8 యూనికోడ్‌లో ఒక్కో తెలుగు గుర్తు 3 బైట్లు తీసుకుంటుంది కాబట్టి, మీరు చదువుతున్న ఈ వ్యాసం ఆ చిప్పులో ఎక్కడా పట్టదు. మీ చేతిలో ఉన్న ఫోన్‌తో పోలిస్తే అది చీమ.

మన దేశంలో 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ మధ్య లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు. లోరా అక్కడే మాట్లాడుతుంది. నాంపల్లి డబ్బాలు పంపేది అబిడ్స్‌లో మా టెర్రస్ మీదున్న యాంటెన్నా పట్టుకుంటుంది. మధ్యలో పాతకాలం మందపాటి గోడలు, పైగా గోడౌన్ సగం సెల్లార్‌లో. అందుకని రేడియోని దాని అతి నెమ్మది స్పీడులో పెట్టాం. నెమ్మదిగా మాట్లాడితే దూరం వినబడుతుంది. కానీ ఒక్కో బైటుకీ బ్యాటరీ ఖర్చవుతుంది.

డబ్బా దగ్గర ఐదు సంగతులుంటాయి: ఫ్రిజ్ నంబరు, ఉష్ణోగ్రత, తేమ, బ్యాటరీ వోల్టేజి, ఇది ఎన్నో మెసేజి అన్న లెక్క. వీటిని ఒక వరసలో మూటగట్టి గాల్లోకి వదలాలి. అటువైపు మూట విప్పినవాడికి అవే ఐదు సంగతులు దొరకాలి. కంప్యూటర్ చదువుల్లో దీన్ని సీరియలైజేషన్ అంటారు. మూట కట్టే పద్ధతులు చాలా ఉన్నాయి. ఏది మంచిదని మేమిద్దరం మొజంజాహీ మార్కెట్ దగ్గర ఐస్‌క్రీం తింటూ కొట్టుకున్న రోజులు కూడా ఉన్నాయి.

మొదట అందరిలాగే జేసన్ వాడాం. మీ ఫోన్‌లో యాప్‌లు సర్వర్‌తో మాట్లాడేది ఎక్కువగా అందులోనే. ప్రతి అంకె ముందు దాని పేరు రాసి, కోట్స్ పెట్టి, కామాలు పెట్టి పంపుతారు. మనిషి కూడా చదువుకోవచ్చు. పేర్లు ఒకటి రెండు అక్షరాలకు కుదించినా మా ఐదు సంగతులకు 41 బైట్లు అయింది. మా నెమ్మది స్పీడులో అది గాల్లో 2.1 సెకన్లు. రెండు సెకన్లంటే ఏముంది అనిపిస్తుంది గానీ, పన్నెండు డబ్బాలు ఒకే గాలిని పంచుకుంటున్నాయి. ఒకటి మాట్లాడుతుంటే ఇంకోటి అడ్డొస్తే రెండూ పోతాయి.

అప్పుడు నా తెలివి చూపించాను. “పేర్లెందుకురా? పంపేది మనమే, విప్పేదీ మనమే. మెమరీలో ఎలా ఉందో అలాగే పంపేద్దాం” అన్నాను. సీ లాంగ్వేజ్‌లో దాన్ని స్ట్రక్ట్ అంటారు. మొదటి బైటు ఫ్రిజ్ నంబరు, తరవాత రెండు ఉష్ణోగ్రత, ఒకటి తేమ, రెండు బ్యాటరీ, రెండు లెక్క. మొత్తం 8 బైట్లు. 41 నుంచి 8కి! గాల్లో ఒక్క సెకను. ఆ రోజు నాకు నేనే గొప్పవాడిలా కనబడ్డాను.

స్ట్రక్ట్‌తో తిప్పలుంటాయని మాకు అప్పటికే తెలుసు. మా చిప్పు 8 బిట్లది, దాంట్లో ఎనిమిది బైట్లు ఎనిమిదే. అదే స్ట్రక్ట్‌ని 32 బిట్ల చిప్పులో పెడితే కంపైలర్ మధ్యలో ఖాళీలు నింపి 10 చేస్తుంది. రెండు బైట్ల అంకెలో ఏ బైటు ముందు రావాలన్నది ఇంకో తగువు. అబిడ్స్‌లో బేరం ఆడినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. మనం “ఇరవై ఐదు” అంటాం, పెద్దది ముందు. పక్క షాపులో “పచ్చీస్” అంటారు. పాంచ్ ముందు, బీస్ తరవాత. చిప్పుల్లోనూ ఈ రెండు జాతులున్నాయి. 1980లో డానీ కోహెన్ అనే ఆయన గలివర్ కథలో గుడ్డుని ఏ వైపు నుంచి పగలగొట్టాలని కొట్టుకునే వాళ్ల పేర్లు తెచ్చి వీటికి పెట్టాడు: బిగ్ ఎండియన్, లిటిల్ ఎండియన్. ఆయన ఆ రాత మీద వేసిన తేదీ ఏప్రిల్ 1.

ఇవన్నీ జాగ్రత్తగా చూసుకున్నాం. దెబ్బ తగిలింది ఇవేవీ కాని చోట.

డబ్బాలు బిగించింది జనవరిలో. నుమాయిష్ జరుగుతున్న రోజులు. నాంపల్లి రోడ్డు మీద ఆటో కదలదని గాంధీభవన్ మెట్రో స్టేషన్ దగ్గర దిగి సామాను భుజాన మోసుకెళ్లాం. అప్పటి సెన్సర్ డీహెచ్‌టీ 22. అది ఉష్ణోగ్రతని డిగ్రీలో పదో వంతుల్లో చెబుతుంది. 4.5 డిగ్రీలుంటే 45 అని ఇస్తుంది. మేం ఆ 45ని అలాగే రెండు బైట్లలో పంపాం. సర్వర్ పదితో భాగించి 4.5 అని చూపించింది.

వేసవి మొదలయ్యాక ఫ్రిజ్ తలుపు తీసినప్పుడల్లా నీటిచెమ్మ పట్టి ఆ సెన్సర్లు మొరాయించడం మొదలైంది. దాంతో స్టీలు గొట్టంలో సీలు చేసి వచ్చే డీఎస్ 18బీ20కి మారదాం అనుకున్నాం. మంచి నిర్ణయమే. కానీ ఆ సెన్సర్ డిగ్రీలో పదహారో వంతుల్లో మాట్లాడుతుంది. 4.5 డిగ్రీలకి 72 అంటుంది. నా ఫ్రెండ్ ఆ 72ని అదే రెండు బైట్లలో పెట్టాడు. సర్వర్‌లో పదికి బదులు పదహారుతో భాగించమని మార్చాడు. లెక్క సరిపోయింది. టెస్ట్ చేశాం, సరిగ్గా ఉంది.

పదకొండు డబ్బాలు ఒక్క రోజులో మార్చాం. పన్నెండో ఫ్రిజ్ లోపలి గదిలో ఉంది. దాని తాళం యజమాని దగ్గర, యజమాని పెళ్లికి ఊరెళ్లాడు. “రేపు మార్చేద్దాం” అనుకున్నాం. ఆ రేపు మూడు వారాలు రాలేదు.

ఇప్పుడు లెక్క మీరే వెయ్యండి. పాత డబ్బా 12.0 డిగ్రీలని 120 అని పంపుతుంది. కొత్త సర్వర్ దాన్ని పదహారుతో భాగిస్తుంది. ఏడున్నర. పచ్చ రంగు.

ఫ్రిజ్ బాగున్న రోజుల్లో కూడా ఎవరికీ అనుమానం రాలేదు. 4.5 ఉన్నప్పుడు 2.8 చూపించింది. అదీ హద్దుల్లోనే ఉంది. మూట సైజు మారలేదు, బైట్ల వరస మారలేదు, ఎక్కడా ఎర్రర్ లేదు. అసలు ఉష్ణోగ్రత 12.8 దాటితే గానీ మా అలారం మోగదు. ఒకవేళ మైనస్ 158 లాంటి పిచ్చి అంకె వచ్చుంటే మొదటి రోజే పట్టుకునేవాళ్లం. నమ్మబుద్ధేసే తప్పు అంకె రావడమే మా ఖర్మ. 1999లో నాసా వాళ్ల మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ కూడా ఇలాంటి కొలతల తేడాతోనే పోయిందని కాలేజీలో చదివి నవ్వుకున్నాం. ఒకవైపు పౌండ్లలో లెక్క, రెండోవైపు న్యూటన్లలో.

ఆ మధ్యాహ్నం తెలిసిన ఇంకో సంగతి వింటే మీకు కూడా కడుపులో తిప్పుతుంది. పొద్దున తొమ్మిదింటికి ఆ ఫ్రిజ్‌లోంచి మూడు బాక్సులు మెడికల్ షాపులకి వెళ్లిపోయాయి. యాప్ పచ్చగా ఉంది కాబట్టే పంపారు.

ఎన్ని గంటల నుంచి వేడెక్కి ఉందో చెప్పగలిగితే ఏది వాడొచ్చో, ఏది పక్కన పెట్టాలో కంపెనీవాళ్లని అడగొచ్చు. మా సర్వర్‌లో అసలు బైట్లు దాచుకోలేదు, భాగించిన అంకెలే ఉన్నాయి. అది ఇంకో తప్పు. అదృష్టం బాగుండి తప్పుని వెనక్కి తిప్పగలిగాం. ప్రతి అంకెనీ 1.6తో గుణిస్తే నిజం బయటికొస్తుంది. యాప్‌లో 5.0 దాటిన ప్రతి గంటా నిజానికి 8 దాటిన గంట. గోడౌన్ టేబుల్ మీదే ల్యాప్‌టాప్ పెట్టుకుని ఒక్కో వరసా గుణించుకుంటూ పోయాను. ముందు రోజు సాయంత్రం ఆరు నుంచి. అంటే పదహారున్నర గంటలు.

యజమాని ముందు కూర్చుని అంతా చెప్పాను. “ఫ్రిజ్ కంప్రెసర్ పోయింది, కానీ మీకు తెలియకుండా చేసింది మా డబ్బా” అన్నాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత మూడు షాపులకీ ఫోన్లు చేశాడు. రెండు బాక్సులు గంటలో వెనక్కి వచ్చాయి. మూడోది వచ్చేదాకా గోడౌన్ అన్నా, నేనూ మెట్ల మీద కూర్చున్నాం. ఆయన చాయ్ తెప్పించాడు. నేను తాగలేకపోయాను. మా నానమ్మ రోజూ పొద్దున పొట్ట మీద వేసుకునేది ఇదే మందు. ఏ షాపులో కొంటామో, ఆ షాపుకి ఏ గోడౌన్ నుంచి వస్తుందో నేనెప్పుడూ అడగలేదు.

మూడోది సాయంత్రం నాలుగింటికి వచ్చింది, సీలు తీయకుండా.

ఆయన మాకు మూడు నెలల బిల్లు ఆపేశాడు. న్యాయమే. “బాబూ, మీరే వచ్చి చెప్పారు కాబట్టి డబ్బాలు ఉంచుతున్నా. మళ్లీ ఇలా అయితే మాత్రం ఉంచను” అన్నాడు.

ఆ రాత్రి గదిలో నా ఫ్రెండ్ అడిగాడు: “జేసనే ఉంచుకుని ఉంటే ఇది జరిగేది కాదు కదరా?”

నాకూ ముందు అలాగే అనిపించింది. కానీ జేసన్‌లో మేం పెట్టిన పేరు ఒకే ఒక్క అక్షరం, టెంపరేచర్‌కి గుర్తుగా. దాని పక్కన 120 ఉన్నా, 72 ఉన్నా అది పదో వంతో పదహారో వంతో ఎక్కడా రాసి ఉండదు. 41 బైట్లు ఖర్చుపెట్టి కూడా ఇదే తప్పు చేసేవాళ్లం. నెలల తరబడి మేం కొట్టుకున్నది బైట్ల గురించి. ఆ అంకెకి అర్థం ఏమిటన్నది ఎక్కడ రాసి ఉండాలి అని ఒక్కసారీ అనుకోలేదు. అది మా ఇద్దరి బుర్రల్లో ఉంది. ఒక బుర్ర మారింది, ఒక డబ్బా మారలేదు.

నానమ్మ దగ్గర ఒక పాత ట్రంకు పెట్టె ఉంది. అందులో తన పెళ్లికి వచ్చిన గ్రీటింగ్ టెలిగ్రాంలు నాలుగైదు. టెలిగ్రాంకి పదానికి ఇంత అని డబ్బులు తీసుకునేవాళ్లు. అందుకని పండగలకీ, పెళ్లిళ్లకీ, పరీక్ష పాసైనందుకూ ముందే రాసిపెట్టిన వాక్యాల జాబితా ఒకటి ఉండేది. కౌంటర్లో నంబరు చెబితే చాలు. తీగ మీద వెళ్లేది ఆ నంబరే. అటువైపు ఆఫీసులో అదే జాబితా చూసి వాక్యం మొత్తం కాగితం మీదకి ఎక్కించి ఇంటికి పంపేవాళ్లు. 2013 జులైలో టెలిగ్రాంలు ఆగిపోయాయి. రోజూ జీపీవో ముందు నుంచి నడిచే నాకు ఆ నంబర్ల సంగతి అప్పుడు గుర్తొచ్చింది. పెళ్లి నంబరుని తీసి రేపటి నుంచి ఇది సంతాపానికి అని ఒక ఊరి ఆఫీసులో మాత్రమే మార్చి ఉంటే? మేం చేసింది అదే.

ఫార్మాట్ మళ్లీ ఎంచుకున్నాం. ఈసారి నిదానంగా.

గూగుల్ వాళ్లు 2008లో అందరికీ ఇచ్చిన ప్రోటోబఫ్ ఉంది. చిన్న చిప్పుల కోసం దానికి నానోపీబీ అనే బుల్లి రూపం కూడా ఉంది. మా ఐదు సంగతులు అందులో 12 బైట్లకు వస్తాయి. దాంట్లో నాకు బాగా నచ్చింది ఒక క్రమశిక్షణ: ప్రతి సంగతికీ ఒక నంబరు, ఒకసారి తీసేసిన నంబరుని మళ్లీ వేరేదానికి వాడకూడదు. దాన్ని రిజర్వ్ అని రాసి పక్కన పెట్టాలి.

రెండోది సీబార్. 2013లో ప్రమాణంగా వచ్చింది, 2020లో ఆర్ఎఫ్‌సీ 8949 పేరుతో సవరించారు. దాని రూపకర్తల్లో ఒకాయన కార్‌స్టెన్ బోర్మన్. ఆయన పొడి అక్షరాలు, ఈ ఫార్మాట్ పేరులో మొదటి రెండు అక్షరాలు ఒకటే. కావాలని పెట్టాడో లేదో గానీ నాకు ముచ్చటేసింది. మీ ఫోన్‌లో పాస్‌వర్డ్ బదులు పాస్‌కీతో లాగిన్ అవుతారు చూడండి, దాని వెనక నడిచే మూటల్లో సీబార్ ఉంటుంది. జేసన్ లాంటిదే, కాకపోతే అక్షరాల బదులు బైట్లు. 0 నుంచి 23 దాకా ఏ అంకైనా ఒక్క బైటులో పడుతుంది. పేర్ల స్థానంలో ఆ చిన్న అంకెలే పెట్టుకోవచ్చు. మా మూట 17 బైట్లయింది.

“పన్నెండు ఉండగా పదిహేడు ఎందుకు?” అని ఫ్రెండ్. గాల్లో ఎంతసేపు ఉంటుందో లెక్క వేసి చూపించాను. 41 బైట్లకి 2.1 సెకన్లు, 17కి 1.3, 8కి 1. జేసన్ వదిలేసినప్పుడే పెద్ద లాభం వచ్చేసింది. ఆపైన మిగుల్చుకునేది చిల్లర. ఆ చిల్లర కోసమే నేను అర్థాన్ని అమ్మేశాను. ప్రోటోబఫ్ తప్పేం కాదు, పెద్ద టీములో ఉంటే అదే తీసుకునేవాణ్ని. దాని మూట సరిగ్గా విప్పాలంటే నిర్వచనాల ఫైలు చేతిలో ఉండాలి. సీబార్ మూటని ఏ ఊళ్లో ఎవడు విప్పినా కనీసం “ఐదో నంబరు, విలువ 72” అని సూటిగా కనిపిస్తుంది. మేం ఇద్దరమే. రేపు ఒకడికి ఉద్యోగం వచ్చి వెళ్లిపోతే రెండోవాడు చీకట్లో తడుముకోకూడదు. కొలతని కూడా మూటలోనే రాసే సెన్‌ఎంఎల్ అనే పద్ధతి ఉంది గానీ, మా చీమకి అంత బరువు వద్దనుకున్నాం.

మరి ఐదో నంబరు అంటే ఏంటి? దాని కోసం కోఠి వైపు వెళ్లి అట్టవేసిన పొడుగు రిజిస్టర్ ఒకటి కొన్నాను. ఫైళ్లలో రాసుకోవచ్చు, రాసుకున్నాం కూడా. కానీ గోడకి మేకు కొట్టి తాడుతో వేలాడదీసింది ఈ రిజిస్టరే. పెన్సిల్ వాడకూడదు.

0 - ఫ్రిజ్ నంబరు.
1 - ఉష్ణోగ్రత, డిగ్రీలో పదో వంతులు. పాత సెన్సర్. ఇక వాడకూడదు.
2 - తేమ, శాతం. ఇక వాడకూడదు.
3 - బ్యాటరీ, వోల్టులో నూరో వంతులు.
4 - మెసేజి లెక్క.
5 - ఉష్ణోగ్రత, డిగ్రీలో పదహారో వంతులు.

యాప్‌లో కూడా ఒక మార్పు చేశాం. అప్పటిదాకా రెండే రంగులు: పచ్చ, ఎరుపు. ఇప్పుడు మూడోది బూడిద రంగు. మూట విప్పడం రాకపోయినా, తెలియని నంబరు వచ్చినా, ఉష్ణోగ్రత నంబరే లేకపోయినా బూడిద రంగు చూపించి “తెలియదు” అంటుంది. గోడౌన్ అన్నకి బాగా నచ్చింది ఇదే. “ఇప్పుడు నీ డబ్బా మనిషి లెక్క మాట్లాడుతుంది” అన్నాడు. అయినా ఆయన రోజూ పొద్దున పన్నెండు ఫ్రిజ్‌లలోనూ చెయ్యి పెట్టి చూస్తూనే ఉన్నాడు.

పన్నెండో ఫ్రిజ్ నుంచి పీకిన పాత డబ్బాని నా టేబుల్ మీద పెట్టుకున్నాను. బ్యాటరీ తీయలేదు. ఇప్పటికీ ఎనిమిది బైట్ల మూటలు పంపుతూనే ఉంది. కొత్త సీబార్ మూట మొదటి బైటే “ఇది నాలుగు జతల సంచి” అని చెప్పేస్తుంది. పాతదాని మొదటి బైటు ఫ్రిజ్ నంబరు 12. సీబార్ చదివేవాడికి అది ఒట్టి పన్నెండు అనే అంకె, సంచి కాదు. అందుకని సర్వర్ అక్కడే ఆగిపోయి బూడిద రంగు చూపిస్తుంది.

మొన్న గోడౌన్ అన్న ఫోన్ చేసి, కొత్త కుర్రాడు ఫ్రిజ్ తలుపు సరిగ్గా వెయ్యట్లేదు, ఎంతసేపు తెరిచి ఉంటుందో కూడా చూపించగలరా అని అడిగాడు. తలుపుకి చిన్న అయస్కాంతం స్విచ్ పెడితే సరిపోతుంది.

“రెండో నంబరు ఖాళీగానే ఉంది కదరా, అదే వాడేద్దాం” అన్నాడు నా ఫ్రెండ్, సోల్డరింగ్ చేస్తూ తల ఎత్తకుండా.

నేను రిజిస్టర్ అందుకుని 6 దగ్గర రాశాను: తలుపు తెరిచి ఉన్న సమయం, సెకన్లలో.